సలోమి భయం

ఏప్రిల్ 3

ఈ రోజు పొద్దున సలోమి చెయ్యి వణకడం ఆగిపోయింది. నా చెయ్యి వణకడం మొదలైంది.

తోడు పట్టీ పనిచేసే తీరే అదని క్లాసులో చెప్పారు. వినడం వేరు, ఒంటి మీదికి రావడం వేరు. సలోమి నిన్ననే మా వార్డులో చేరిన కొత్త నర్సు. కాలేజీ వాసన ఇంకా పోలేదు. ఆమె మణికట్టుకు ఒక పట్టీ, నా మణికట్టుకు దాని జత. ఆమెకు గుండె దడ వచ్చినా, కంగారు పుట్టినా, అందులో వాటా నాకు వచ్చేస్తుంది. నాకు వచ్చినంత ఆమెకు తగ్గుతుంది. పట్టీ మీద మూడు గీతలు ఉన్నాయి. మొత్తం, సగం, పావు. మొదటి వారం మొత్తం వాటా నేనే తీసుకోవాలి, తర్వాత సగం, ఆ తర్వాత పావు. చివరికి పట్టీ తీసేయాలి.

కొండను తొలిచి లోపల కట్టిన మా ఆసుపత్రిలో కొత్తవాళ్లు నిలవడం లేదు. ఎండలు ముదిరితే గట్టు పనివాళ్లు వడదెబ్బతో వరసకట్టి వస్తారు. సముద్రం ఊళ్ల మీదికి రాకుండా ఆ గట్టును ఏటేటా పెంచాల్సిందే, ఎండ ఎంత మండినా ఆపడానికి లేదు. పోయిన ఏడాది ఒకమ్మాయి డ్యూటీ మధ్యలో చేతులు కడుక్కుని వస్తానని వెళ్లి, సంచీ కూడా తీసుకోకుండా సొరంగం దాటి ఇంటికి వెళ్లిపోయింది. అందుకని ఈ పట్టీలు. వాటితోపాటు, నాలాంటి పాతవాళ్లకు ఈ మెంటర్ శిక్షణ. వీలైనప్పుడల్లా జరిగింది రాసుకోమని మాకు నేర్పే ఫణిభూషణ్ గారు చెప్పారు. అందుకే రాస్తున్నాను.

పొద్దున ఒక ముసలాయనకు సెలైన్ ఎక్కించాలి. సలోమి సూది పట్టుకుని నిలబడిపోయింది. అంతలోనే నా అరచేతులు చల్లబడ్డాయి, నోరు ఎండిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో మరిచిపోయిన భయం అది. నరం దొరకదేమో, అందరూ చూస్తున్నారేమో, ఈయన అరుస్తాడేమో. అంతా నాలో.

"అక్కా, మీకేమైనా అయిందా? మొహం పాలిపోయింది" అంది సలోమి. ఆమె గొంతు నిదానంగా ఉంది.

"ఏం కాలేదు. నువ్వు కానివ్వు."

ఒక్క గుచ్చుకే నరం దొరికింది. ఆమె నా వైపు తిరిగి నవ్వింది. నేనూ నవ్వాను, మంచం కమ్మీ గట్టిగా పట్టుకుని.

ఏప్రిల్ 8

పట్టీని ఇంటికి వెళ్లినా తీయకూడదు. సలోమికి, నాకు డ్యూటీ వేళలు అన్ని రోజులూ కలవవు మరి. ఇవాళ తెల్లారి కొండ మీద, పొగమంచును పట్టి నీళ్లుగా దింపే వలల దగ్గర బిందె నింపుకుంటుంటే ఒక్కసారిగా కాళ్లు వణికాయి. బిందె జారి సగం నీళ్లు నేలపాలు. వెనక నిలబడ్డ ఆవిడ "ఒలమ్మ, వల నీల్లు ఒలకబోస్తావేటమ్మా" అని తిట్టింది. సలోమి ఏ రోగి దగ్గర కంగారుపడిందో ఏమిటో. నేను రాళ్ల మీద కూర్చుని ఊపిరి పీల్చి వదిలాను, క్లాసులో నేర్పినట్టే.

ఫణిభూషణ్ గారి పాఠం ఒకటే. "వచ్చింది మీది కాదు. దాన్ని పట్టుకోకండి, ప్రశ్నించకండి. అరచెయ్యి విప్పి పోనివ్వండి." ఆయన మంచి మనిషి. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో నిజమైన ఆదుర్దా ఉంటుంది. ఆయన చెల్లెలూ నర్సేనట. మూడు నెలలు చేసి మానేసిందట, ఇప్పటికీ ఆసుపత్రి గుమ్మం తొక్కదట.

మాలో చాలామందికి ఇది పట్టుబడలేదు. ఒకావిడకు క్లాసులోనే వాంతి అయింది. నాకు మాత్రం బాగా వచ్చేసింది. లోపల దడ మొదలవగానే అరచెయ్యి విప్పుతాను, మూడు ఊపిర్లు తీసేసరికి పోతుంది. "రత్నం గారిని చూడండి" అని ఆయన అందరి ముందూ అన్నారు. నూకరత్నం అనే నా పేరును ఈ ఆసుపత్రిలో ఎవరైనా మైకులో మెచ్చుకోవడం ఇదే మొదలు.

ఏప్రిల్ 12

మొదటి వారం దాటింది, వాటా సగానికి తగ్గించాలి. తగ్గించలేదు.

సలోమి ఇద్దరి పని చేస్తోంది. రోగులతో నవ్వుతూ మాట్లాడుతుంది, డాక్టర్లు అరిచినా చలించదు. మధ్యాహ్నం ఎవరూ బయట తిరగకూడదని ఎండ సైరన్ మోగి సొరంగం తలుపులు మూసుకున్నాక, అందరం లోపలే చిక్కుకుని ఉన్నప్పుడు నా పక్కన కూర్చుని పెరుగన్నం తింటూ చెప్పింది.

"చిన్నప్పటి నుంచీ నేను పిరికిదాన్నక్కా. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడేదాన్ని. పరీక్ష రోజు మా అమ్మ నన్ను కాలేజీ గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. ఇప్పుడు చూడండి. ధైర్యం ఉన్నవాళ్లు ఇలా ఉంటారా రోజూ? ఎంత హాయిగా ఉందో."

ఆ మాట విన్నాక పట్టీని సగం గీతకు తిప్పడానికి నా చెయ్యి రాలేదు. పైగా వార్డు నిండిపోతోంది. ఆమె ఇలా ఉంటే నాకూ సుఖమే. ఇంకో వారం చూద్దామనుకున్నాను.

ఏప్రిల్ 18

చిన్న విషయమే, అయినా రాయాలి. వార్డు గోడ మీద గీసిన కిటికీ బొమ్మ కింద మంచంలో ఉన్న ముసలమ్మకు సెలైన్ ఎక్కిస్తున్న చెయ్యి మోచేతి దాకా ఉబ్బిపోయింది. సూది నరం దాటి బయటికి వచ్చేసింది. అటుగా వెళ్తూ నేను చూశాను కాబట్టి సరిపోయింది.

"నువ్వు చూడలేదా?" అని అడిగాను.

"చూశానక్కా" అంది సలోమి. ఆమె అబద్ధం ఆడదు. "ఉబ్బిందని చూశాను. కానీ ఏమీ అనిపించలేదు. తర్వాత వద్దామనుకున్నాను."

ఏమీ అనిపించలేదు. ఆ మాట రోజంతా చెవిలో తిరిగింది. వాటా తగ్గించాలి. ఈ వారమే తగ్గించాలి. కానీ రేపటి నుంచి వడగాడ్పులని చెప్పారు, ఈ సమయంలో ఆమె ఒక్కసారిగా తడబడితే వార్డు ఎవరు చూస్తారు? ఈ గండం దాటనీ, అప్పుడు తిప్పుతాను.

పైగా ఇరవైనాలుగున వేరే ఆసుపత్రుల నుంచి మెంటర్లు వస్తున్నారు. భయాన్ని ఎలా వదిలేయాలో వాళ్లకు నేనే చూపించాలట.

ఏప్రిల్ 24

ఏం రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పైడిరాజు గట్టు మేస్త్రీ. నలభై దాటలేదు. నిన్న వడదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోతూ స్పృహ లేకుండా వచ్చాడు. ఐసు, సెలైన్లు, చల్లగాలి పెట్టాం. పొద్దుటికి లేచి కూర్చున్నాడు. కాళ్లూ తొడలూ ఒకటే నొప్పులన్నాడు గానీ, హుషారుగానే ఉన్నాడు. "నాకేటయింది నర్సమ్మా? రేపు గట్టు మీదుంటాను, సూడండి" అన్నాడు. అతని భార్య బంగారమ్మ మంచం పక్కనే కింద కూర్చుని ఉంది. "నోరు ముయ్యి. నిన్న సచ్చినంత పనయింది" అని కసిరింది. ముగ్గురం నవ్వాం. వార్డులో మానిటర్లు చాలక, కోలుకున్నాడని అతని మానిటర్ తీసి ఇంకొకరికి పెట్టాం.

సలోమికి అప్పగించి నేను పై అంతస్తు హాల్లోకి వెళ్లాను. పక్క గదిలో ఇంకో నర్సు ఉంది, అవసరమైతే పిలవమన్నాను.

హాలు నిండా మనుషులు. ఫణిభూషణ్ గారు నన్ను మధ్యలో నిలబెట్టారు. నేను పట్టీ గురించి చెబుతూ ఉన్నాను. మాట సగంలో ఉండగా ఛాతీలో ఎవరో గుద్దినట్టయింది. ఇంతకుముందు ఎప్పుడూ అంత గట్టిగా రాలేదు. భయం మరీ ఎక్కువైతే వెలిగే ఎర్ర దీపం నా పట్టీ మీద వెలిగింది. ముందు వరసలో వాళ్లు ఉలిక్కిపడ్డారు.

"చూశారా, ఇప్పుడే వచ్చింది" అన్నాను నేను. నవ్వుతూ అన్నాను. "ఇది నాది కాదు. దీన్ని నేను పట్టుకోను."

చెయ్యి ఎత్తి అరచెయ్యి విప్పాను. అందరికీ వినపడేలా ఊపిరి వదిలాను. ఎర్ర దీపం మెల్లగా పాలిపోయి ఆరిపోయింది. హాలంతా చప్పట్లు కొట్టింది.

కాసేపటికి మళ్లీ వచ్చింది, ఈసారి చిన్నగా. మళ్లీ వదిలేశాను. ఆ తర్వాత టీ ఇచ్చారు. తాగాను. ఒకావిడ మీ దగ్గర నేర్చుకోవాలండీ అంటే, ఆమెతో నిలబడి ఇంకాసేపు మాట్లాడాను కూడా.

కిందికి వచ్చేసరికి పైడిరాజు మంచం చుట్టూ డాక్టర్లు ఉన్నారు. ఒకాయన అతని ఛాతీ మీద నొక్కుతున్నాడు. బంగారమ్మను ఎవరో తలుపు దగ్గర పట్టుకుని ఉన్నారు. చాలాసేపు నొక్కారు. అతను లేవలేదు.

సలోమి మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. మొహం నిదానంగా ఉంది. ఆమె పక్కనే మూత్రం సంచీ వేలాడుతోంది. అందులో ఉన్నది డికాషన్ రంగులో ఉంది. వడదెబ్బకు కండలు కరిగి రక్తంలో కలిస్తే ఆ రంగు వస్తుంది. అది చూడగానే డాక్టర్ కోసం పరిగెత్తాలి. ఆలస్యమైతే గుండె ఆగిపోతుంది. ఇది కాలేజీలోనే నేర్పుతారు.

"ఎప్పుడు చూశావు?" అన్నాను.

"మీరు పైకెళ్లిన కాసేపటికే అక్కా. చూడగానే గుండె ఒక్కసారి ఝల్లుమంది. వెంటనే తగ్గిపోయింది. రెండోసారి చూసినప్పుడూ అంతే. తగ్గింది కదా, పర్లేదులే అనుకున్నాను."

ఆమె నన్ను చూస్తూ జవాబు కోసం ఆగింది. నేను పైడిరాజు మీద దుప్పటి సరిచేశాను.

ఏప్రిల్ 25

విచారణ మొదలైంది. సూపరింటెండెంట్ మేడం, ఇద్దరు డాక్టర్లు. సలోమిని అడిగారు, చూసింది చూసినట్టు చెప్పింది. రంగు చూశాను, చెప్పలేదు, తప్పు నాదే అంది. కళ్లలో తడి కూడా లేదు. డాక్టర్లలో ఒకాయన "మనిషి పోయాడమ్మా, నీకు చీమకుట్టినట్టయినా లేదా?" అన్నాడు.

నన్నూ అడిగారు. ఆ సమయానికి ఎక్కడున్నారు అన్నారు. పై అంతస్తు క్లాసులో అన్నాను. అడిగినదానికే జవాబిచ్చాను. ఇంకేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. విచారణ తేలేదాకా సలోమిని డ్యూటీ నుంచి తప్పించారు.

బయటికొచ్చాక ఫణిభూషణ్ గారు నా వెంటే నడిచారు. ఆయనకు అర్థమైపోయింది. హాల్లో ఎర్ర దీపం ఆయనా చూశారు.

"రత్నం గారూ, మిమ్మల్ని అబద్ధం చెప్పమనను" అన్నారు. "ఒక్కటి ఆలోచించండి. పట్టీలు ఆగిపోతే వచ్చే నెల చేరే పిల్లలు ఒంటరిగా చేరతారు. ఎంతమంది నిలుస్తారో మీకు తెలుసు. నర్సులు లేక ఎంతమంది రోగులు పోతారో అదీ తెలుసు. సలోమికి హెచ్చరికతో సరిపెట్టేలా నేను మాట్లాడతాను."

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే నన్ను తినేస్తోంది.

ఏప్రిల్ 26

అన్నం దిగడం లేదు. పొయ్యి మీద పెట్టిన చారు మాడిపోయేదాకా దాని ముందే నిలబడ్డాను. గుండె బరువెక్కి ఊపిరాడనంతగా ఉంది. అరచెయ్యి విప్పి చూశాను. ఊపిరి వదిలి చూశాను. కొంచెం తగ్గి మళ్లీ వస్తోంది, అలల్లాగా.

సాయంత్రం ఎండ తగ్గి తలుపులు తెరిచాక సలోమి మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"అక్కా, నేను చెడ్డదాన్నా?"

"అదేం మాట?"

"మా అమ్మ ఏడుస్తోంది. బంగారమ్మ అరుపు నాకు గుర్తుంది. అతను నవ్విన నవ్వు గుర్తుంది. నావల్లే పోయాడని తెలుసు. కానీ నాకు ఏడుపు రావడం లేదు. ఎంత తలుచుకున్నా రావడం లేదు. నాలో మనిషితనం లేదా అక్కా?"

అప్పుడు నా కళ్లు ఆమె మణికట్టు మీద పడ్డాయి. డ్యూటీ నుంచి తప్పించారు గానీ పట్టీ తీయమని ఎవరూ చెప్పలేదు. అది ఇంకా మొత్తం గీత దగ్గరే ఉంది. రెండు రోజులుగా నా గుండెలో పెరుగుతున్నది నా పాపం ఒక్కటే అనుకున్నాను. ఆమెదీ వస్తోంది. రెండూ కలిసిపోయి ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. పైడిరాజును కాపాడే భయాన్ని ఆమె నుంచి తీసుకున్నాను. ఇప్పుడు అతని కోసం ఏడ్చే హక్కును కూడా తీసుకుంటున్నాను.

తీయాలి. తీస్తే ఇదంతా ఆమె మీద పడుతుంది. ఇరవై రెండేళ్ల పిల్ల.

"కూర్చో" అన్నాను. చాప మీద కూర్చోబెట్టి, ముందు నా పట్టీ తీశాను, తర్వాత ఆమెది. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఆమె పెదవులు వణికాయి. "అక్కా" అంది. అంతే, ఒంగిపోయింది. ఆ ఏడుపు చూస్తూ పక్కనే కూర్చున్నాను. దగ్గరకు తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆమె కాస్త నెమ్మదించాక చెప్పేశాను. వాటా తగ్గించాల్సింది తగ్గించలేదని, ముసలమ్మ చెయ్యి ఉబ్బినప్పుడే నాకు అర్థమైందని, అయినా వాయిదా వేశానని. ఆ రోజు ఆమె భయం నా దగ్గరికి వచ్చిందని, హాల్లో అందరికీ దాన్ని చూపించి వదిలేశానని.

సలోమి కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మీకు తెలిసిందా?" అంది. "నాకు ఝల్లుమన్నది మీకు తెలిసి కూడా కిందికి రాలేదా?"

"రాలేదు."

"ఏం చేశారు?"

"చప్పట్లు కొట్టారు. తర్వాత టీ తాగాను."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "నాకు హాయిగా ఉందన్నాను కదా అని అంతా మీరే తీసేసుకున్నారు" అంది. "ఇది నాకు కావాల్సింది, అక్కా." తలుపు గట్టిగా వేసి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 28

సూపరింటెండెంట్ మేడం గదికి నేనే వెళ్లాను. మొత్తం చెప్పాను. ఫణిభూషణ్ గారు గోడ దగ్గర కూర్చుని తల దించుకుని విన్నారు. మధ్యలో అడ్డుపడలేదు. నేను చెప్పడం అయ్యాక, "నేర్పింది నేను. ప్రశ్నించొద్దన్నది నేను" అన్నారు.

మేడం నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "రత్నం, నువ్వు చెయ్యగా నేనెప్పుడూ ఇలాంటి పని చూడలేదు" అంది, మెల్లగా.

ఏప్రిల్ 30

గట్టు కింద కాలనీకి వెళ్లాను. బంగారమ్మ ఇంటి ముందు షామియానా ఇంకా తీయలేదు. ఆమె ఒక మూల కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది. చుట్టాలను లోపలికి పొమ్మంది.

జరిగింది ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. పట్టీ సంగతి ఆమెకు పట్టలేదు. ఒక్కటే అడిగింది.

"నువ్వు దిగొచ్చుంటే బతికేవోడా?"

బతికేవాడని చెప్పలేను, కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆ మాట వెనక దాక్కోవచ్చు. దాక్కోలేదు.

"బతికే అవకాశం ఎక్కువగా ఉండేది బంగారమ్మా."

ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తీసి మాట్లాడింది.

"ఆ పిల్లే సంపేసిందని మావోల్లు దాని మీద కేకలేసేరు. ఆకర్న ఆడి నోట్లో నీల్లు పోసింది ఆ పిల్లే. ఆ పిల్లని ఓపాలి రమ్మను. నువ్వు రాకు, నర్సమ్మా. నిన్ను సూస్తే నాకు ఆ గదే గుర్తొస్తాది."

వచ్చేశాను. నా మాట వినే స్థితిలో లేని సలోమికి ఆ కబురు వాళ్లమ్మ ద్వారా చెప్పించాను. వెళ్లిందని తర్వాత తెలిసింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకునే పని కూడా నాది కాదు.

మే 11

నన్ను మెంటర్ల జాబితా నుంచి తీసేశారు. జీతంలో కోత, ఏడాది పాటు పర్యవేక్షణ. మామూలు నర్సుగా అదే వార్డులో ఉన్నాను. వేరే వార్డు అడగమని స్నేహితులు అన్నారు. అడగలేదు.

పట్టీలు ఆపేశారు. ఫణిభూషణ్ గారు మళ్లీ శిక్షణ మొదలుపెట్టారు, పట్టీలు లేకుండా. మొన్న వార్డుకు వచ్చి మంచం తుడుస్తున్న నా ముందు నిలబడ్డారు. "ఏం నేర్పమంటారు?" అని అడిగారు. నన్ను అడగడం ఆయనకూ కష్టంగానే ఉంది.

"కొత్తపిల్లకు భయం వేస్తే, పెద్దావిడ లేచి వెళ్లి చూడాలి" అన్నాను. "టీ చల్లారినా సరే. అంతకంటే నాకు తెలియదు."

ఆయన చెప్పిందీ నిజమైంది. ఈ నెల చేరినవాళ్లలో ఒకబ్బాయి అప్పుడే మానేశాడు. ఆ కుర్రాడి లెక్క కూడా నా ఖాతాలోనే వేసుకోవాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.

మే 20

సలోమి డ్యూటీకి వచ్చింది. హెచ్చరిక ఇచ్చి తిరిగి చేర్చుకున్నారు. వేరే సీనియర్ కింద వేశారు. నన్ను చూసి "సిస్టర్" అని తలూపి వెళ్లిపోయింది.

ఆమె చేతులు మళ్లీ వణుకుతున్నాయి. మందు గ్లాసు ట్రేలో పెడుతుంటే గలగలమంటుంది. ఒక సూదికి మూడుసార్లు గుచ్చాల్సి వచ్చింది, రోగి కసురుకున్నాడు. నేను పక్క వరసలో నిలబడి దుప్పట్లు మడతపెడుతున్నాను. వెళ్లి సాయం చేయాలని ఒళ్లంతా లాగింది. వెళ్లలేదు. ఆమె నాలుగోసారి గుచ్చింది.

మే 23

ఇవాళ సలోమి సీనియర్ సెలవులో ఉంది. వార్డులో మేమిద్దరమే. పొద్దున్నుంచీ ఆమె నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

ఎండ సైరన్‌కు ముందు, గట్టు నుంచి కొత్తగా వచ్చిన ఒకావిడ మంచం దగ్గర ఆమె ఆగిపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి చూసింది. మళ్లీ చూసింది. తలెత్తి వార్డంతా చూసింది. నేను తప్ప ఎవరూ లేరు.

"సిస్టర్" అంది. ఆవిడ చెయ్యి ఇంకా వదల్లేదు. "ఒకసారి రండి. నాకు భయంగా ఉంది."

చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి వెళ్లాను. నాడి చూశాను, కళ్లు చూశాను, మూత్రం రంగు చూశాను, నాలుక తడి చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. మంచంలో ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నాకేటైనా అయిందేటి?" అంది.

"ఏమీ కాలేదమ్మా. బాగున్నారు" అన్నాను. తర్వాత సలోమితో, "పిలవడమే సరైంది" అన్నాను.

ఆమె నా మెప్పు తీసుకోలేదు. నా మొహంలోకి సూటిగా చూసింది. "మళ్లీ అనిపిస్తే మళ్లీ పిలుస్తాను" అంది. అడగలేదు, చెప్పింది.

"పిలువు."

పిలిచింది. తలుపులు మూసుకునేలోపు ఇంకా రెండుసార్లు పిలిచింది. రెండుసార్లూ ఏమీ లేదు. రెండుసార్లూ వెళ్లాను.